కంపెనీ ఫర్మ్‌వేర్ ఉంచాలా, కమ్యూనిటీది ఎక్కించాలా? ముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

ప్రశ్న ఇదీ: గుణుపురం హామ్ (లైసెన్సుతో సరదాకు రేడియో నడిపే) మిత్రుల దగ్గర ఆరు క్వాన్‌షెంగ్ యూవీ-కే5 హ్యాండ్‌సెట్లు, రెండు టైటెరా ఎండీ-యూవీ380 డీఎంఆర్ (డిజిటల్) సెట్లు, మైక్రోబిట్‌ఎక్స్ అనే షార్ట్‌వేవ్ సెట్ ఒకటి ఉన్నాయి. తుఫానుల కాలం వచ్చేలోగా, సెట్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) మార్చి, ఔత్సాహికులు రాసి పంచిన కమ్యూనిటీ ఫర్మ్‌వేర్ అన్నింటికీ ఎక్కించేద్దామని కొందరు అంటున్నారు. కంపెనీది ముట్టుకోవద్దని మిగతావాళ్లు. ఎవరి మాట వినాలి? ఎక్కిస్తే వారంటీ సంగతేమిటి?

జవాబు ముందే చెప్పేస్తాను. ఆరు కే5ల్లో రెండింటికి ఎక్కించండి. నాలుగింటిని కంపెనీ ఫర్మ్‌వేర్‌తోనే ఉంచండి. డీఎంఆర్ సెట్లను ప్రస్తుతానికి కదపొద్దు. మైక్రోబిట్‌ఎక్స్‌కి ఈ తగువే వర్తించదు, అది పుట్టుకతోనే ఓపెన్ (అన్నీ బయటపెట్టిన) సెట్.

ఓపెన్ గొప్పదా, కంపెనీది గొప్పదా అని వాదించుకుంటే తెల్లారినా తెగదు. సెట్ ఎదురుగా పెట్టుకుని రెండు సంగతులు తేల్చుకుంటే చాలు. ఫ్యాక్టరీలో ఈ సెట్‌కి వేసిన క్యాలిబ్రేషన్ (ఆ సెట్‌కే సరిపోయేలా కొలిచి పెట్టిన అంకెలు) ఎక్కడుంది, దాని కాపీ మీ దగ్గరుందా? ఎక్కించింది పాడైతే పాతదానికి తిరిగి వచ్చే దారి తెరిచే ఉందా? రెండింటికీ గట్టిగా ఔననగలిగితే ఏ ఫర్మ్‌వేరైనా ప్రయత్నించి చూడొచ్చు. ఒక్కదానికి అనుమానం ఉన్నా ఆగండి. అది ఎంత పేరున్న ఫర్మ్‌వేరైనా సరే.

అసలు అన్ని సెట్లలోనూ ఫర్మ్‌వేర్ మార్చలేం. పాత బావోఫెంగ్ యూవీ-5ఆర్‌కి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కడ దొరుకుతుందని తరచూ అడుగుతుంటారు. అందులోని చిప్‌లో ప్రోగ్రామ్ ఒక్కసారే రాస్తారు, తర్వాత చెరిపే వీల్లేదు. చిర్ప్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో మనం మార్చేది ఛానళ్లు, సెట్టింగులు మాత్రమే. ఐకామ్ ఐసీ-7300 లాంటి పెద్ద సెట్లలో ఫర్మ్‌వేర్ మార్చొచ్చు గానీ, కంపెనీ వాళ్లదే ఎక్కుతుంది. ముందు సెట్టింగులు ఎస్‌డీ కార్డులో సేవ్ చేసుకోండి, కంపెనీ సైట్లో దొరికే ఫైలు అదే కార్డులో వేసి అప్‌డేట్ చేయండి, మధ్యలో సప్లై పోకుండా చూసుకోండి. అక్కడితో సరి. లోపలి ప్రోగ్రామ్ మూసే ఉన్నా, బయటి నుంచి సెట్‌ని నడిపే సీఐ-వీ ఆదేశాలను ఐకామ్ తన మాన్యువల్లోనే ఇచ్చింది. హామ్‌లిబ్ లాంటి ఓపెన్ సాఫ్ట్‌వేర్ వాటి మీదే నడుస్తోంది. కాబట్టి మూసిన ఫర్మ్‌వేర్ ఉన్నంత మాత్రాన సెట్ పనికిరానిదైపోదు.

ఇక కే5 సంగతి వివరంగా.

ఈ సెట్‌లో రేడియో పని చేసేది బీకే4819 అనే చిప్. దాన్ని నడిపేది డీపీ32జీ030 అనే చిన్న ఆర్మ్ ప్రాసెసర్. దాని ఫ్లాష్ (ప్రోగ్రామ్ ఉండే మెమరీ) 64 కిలోబైట్లు. అందులో 60 ఫర్మ్‌వేర్‌కి, చివరి 4 బూట్‌లోడర్‌కి (కొత్త ఫర్మ్‌వేర్‌ను అందుకుని రాసే చిన్న ప్రోగ్రామ్). ఛానళ్లు, సెట్టింగులు, క్యాలిబ్రేషన్ వీటిలో ఉండవు. పక్కన 8 కిలోబైట్ల ఈఈప్రామ్ అనే మెమరీ చిప్ వేరే ఉంది, అవన్నీ అందులో ఉంటాయి. ఈ రెండు గదులూ వేరని గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. ఫర్మ్‌వేర్ ఎక్కించడం మధ్యలో కరెంటు పోయినా బూట్‌లోడర్ చెక్కుచెదరదు కాబట్టి మళ్లీ మొదలుపెట్టొచ్చు. క్యాలిబ్రేషన్ కూడా అలాగే ఉంటుంది. ఫ్లాష్ చేస్తే సెట్ పోతుందనే భయం కే5 విషయంలో చాలావరకు అనవసరం. ఎక్కువగా చెడేది ఈఈప్రామ్‌తో ఆడినప్పుడు.

2023లో డ్యుయల్‌టాకియన్ పేరుతో ఈ సెట్ ఫర్మ్‌వేర్‌ను మొదటి నుంచి తిరగరాసి సోర్స్ కోడ్ బయటపెట్టారు. అపాచీ లైసెన్సు కింద ఇవ్వడంతో దాని మీద ఎన్నో శాఖలు పుట్టాయి. ఎక్కువమంది వాడే వాటిలో ఎగ్జుమర్ ఒకటి. మీరు మొదటిసారి ఎక్కిస్తుంటే దానితోనే మొదలుపెట్టండి. చిర్ప్‌కి దాని డ్రైవర్ ఉంది. అంతకంటే ముఖ్యం, ఇబ్బంది వస్తే ఇంతకుముందు అదే ఇబ్బంది పడినవాళ్లు దొరుకుతారు.

ఎక్కిస్తే వచ్చే లాభం ఏమిటంటే: ఎఫ్ నొక్కి 5 నొక్కితే చుట్టుపక్కల ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎవరున్నారో చూపించే స్పెక్ట్రమ్, డీబీఎం (పవర్ కొలత) అంకెలతో సిగ్నల్ మీటరు, బ్యాటరీ ఓల్టేజీ, బటన్లకు మనకు నచ్చిన పనులు, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరు వినిపించకుండా ఆపేది) మీద ఇంకాస్త పట్టు. వంశధార పొంగినప్పుడు కొండ అవతలి సెట్ ఎంత బలంగా వినిపిస్తోందో అంకెల్లో కనిపించడం పనికొచ్చే విషయమే. యాంటెన్నా అడుగు పక్కకు జరిపితే మెరుగైందో లేదో చెవితో తేల్చడం కష్టం, మీటరైతే చెప్పేస్తుంది.

రానిది కూడా చెప్పాలి. పవర్ పెరగదు. 5 వాట్ల సెట్ 5 వాట్లే. గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్య కొండ అడ్డం ఉంటే ఏ ఫర్మ్‌వేరూ దాన్ని దాటించదు. దానికి ఎత్తున యాంటెన్నా కావాలి, లేదా మధ్యలో ఎత్తు మీద మాట అందుకుని చెప్పే మనిషి కావాలి. దగ్గరలో బలమైన ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంటే రిసీవర్ మూగబోవడం కూడా తగ్గదు. అది చిప్ ముందుండే ఫిల్టర్ల బలహీనత. ఇంకో ముఖ్యమైన సంగతి: ట్రాన్స్‌మిటర్ వెనకుండే లో-పాస్ ఫిల్టర్లు 136–174, 400–470 మెగాహెర్ట్జ్‌ల కోసం కట్టినవి. ట్రాన్స్‌మిట్ పరిధికి ఫర్మ్‌వేర్ వేసిన తాళం తీసి ఆ పరిధి బయట పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కితే అసలు సిగ్నల్‌తో పాటు హార్మోనిక్స్ (దాని రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీల మీద పుట్టే అనవసరపు సిగ్నళ్లు) కూడా జోరుగా బయటికి పోతాయి. తాళం తీయడం సాఫ్ట్‌వేర్ పని, ఫిల్టర్ మార్చడం టంకం పని. మొదటిది జరిగిందని రెండోది జరిగిపోదు.

ఎక్కించే ముందు సెట్ ఏ తరానిదో చూడండి. కే5 పేరుతోనే లోపల వేరే ప్రాసెసర్ పెట్టిన కొత్త మోడళ్లు వస్తున్నాయి. పాతదానికి రాసిన ఫర్మ్‌వేర్ వాటిలో నడవదు. ఆరూ ఒకే దుకాణంలో కొన్నా ఆరింటినీ విడివిడిగా చూడాలి. బ్యాటరీ తీస్తే లోపల కనిపించే లేబుల్, ఆన్ చేసినప్పుడు తెర మీద వచ్చే వెర్షన్ నంబరు కాగితం మీద రాసిపెట్టుకోండి.

కావాల్సిన సామాను: కెన్‌వుడ్ తరహా రెండు పిన్నుల ప్రోగ్రామింగ్ కేబుల్, బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్, నిండా చార్జ్ చేసిన సెట్ బ్యాటరీ. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే ఆ పని పెట్టుకోవద్దు, మన వైపు కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. పాత కే5లో పక్కనున్న యూఎస్‌బీ-సీ రంధ్రం చార్జింగ్‌కే. దానికి కేబుల్ పెట్టి కంప్యూటర్లో పోర్టు కనిపించడం లేదని గంటలు గడిపేవాళ్లు చాలామంది.

కేబుల్ దగ్గరే తొంభై పాళ్లు తగాదా. ప్లగ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచు సెట్ ఒంటికి తగిలి పూర్తిగా లోపలికి దిగదు. దిగినట్టే కనిపిస్తుంది, ఒకట్రెండు మిల్లీమీటర్లు బయటే ఉంటుంది. గట్టిగా నొక్కి టక్కుమని దిగేదాకా తోయండి. అప్పటికీ దిగకపోతే బ్లేడుతో ఆ అంచు కొంచెం చెక్కండి. రెండోది కేబుల్ లోపలి చిప్. ప్రొలిఫిక్ పేరుతో వచ్చే నకిలీ చిప్పులను కొత్త విండోస్ డ్రైవర్ ఒప్పుకోదు. డివైస్ మేనేజర్లో పసుపు గుర్తు పడుతుంది. పాత డ్రైవర్ వెతికే బదులు సీహెచ్340 గానీ ఎఫ్‌టీడీఐ గానీ ఉన్న కేబుల్ కొనేయడం నయం. ఒక కేబుల్ ఆరు సెట్లకూ సరిపోతుంది.

మొదటి పని బ్యాకప్. సెట్ మామూలుగా ఆన్ చేసి చిర్ప్‌తో చదివి, ఆ ఫైలుకి సెట్ నంబరుతో పేరు పెట్టండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చిర్ప్ కే5 నుంచి 8 కిలోబైట్లూ చదువుతుంది. తిరిగి రాసేటప్పుడు మాత్రం మామూలుగా క్యాలిబ్రేషన్ ఉన్న చివరి భాగం జోలికి పోదు. మామూలు రోజుల్లో అది మంచి జాగ్రత్తే. క్యాలిబ్రేషన్ చెడిపోయిన రోజున మాత్రం ఆ ఫైలు ఉండీ చిర్ప్ మామూలుగా దాన్ని వెనక్కి వేయదు. అందుకని క్యాలిబ్రేషన్‌ను విడిగా కూడా తీసి ఉంచండి. ఈఈప్రామ్‌లో హెక్స్ 1ఈ00 నుంచి 1ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు ఉండే 512 బైట్లవి. కే5ప్రోగ్ అనే ప్రోగ్రాంతో గానీ, ఎగ్జుమర్‌తో పాటు వచ్చే వెబ్ పనిముట్లతో గానీ తీయొచ్చు. స్క్వెల్చ్ ఎక్కడ తెరవాలి, ఏ బ్యాండ్లో ఎంత పవర్‌కి ఎంత డ్రైవ్ ఇవ్వాలి, బ్యాటరీ ఓల్టేజీ ఎలా చదవాలి, క్రిస్టల్ ఎంత అటూఇటూ ఉంది, ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రతి సెట్‌కీ ఇవి వేరు. ఒక సెట్ క్యాలిబ్రేషన్ ఇంకో సెట్‌లో వేస్తే ఆన్ అవుతుంది, మాట్లాడుతుంది కూడా. కానీ పవర్ తేడాగా వస్తుంది, స్క్వెల్చ్ మూసుకోదు, ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. తప్పు ఎక్కడుందో వెతకడానికి రోజులు పడుతుంది. ఆరు సెట్లకు ఆరు ఫైళ్లు, సెట్ మీద అంటించిన నంబరే ఫైలు పేరు.

తర్వాత ఎక్కించడం. సెట్ ఆపి, పీటీటీ నొక్కి పట్టుకుని ఆన్ చేయండి. తెర ఖాళీగా ఉండి, పైనున్న టార్చి లైటు నిలకడగా వెలగాలి. తెర మీద ఏదైనా కనిపించిందంటే బూట్‌లోడర్‌లోకి వెళ్లనట్టే, మళ్లీ చేయండి. కేబుల్ పెట్టి, క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ వెబ్ ఫ్లాషర్ తెరిచి పోర్టు ఎంచుకోండి. నిమిషం లోపే అయిపోతుంది. నెట్ సరిగ్గా ఉండదనుకుంటే ఫైలు ముందే దించుకుని కంపెనీ ఇచ్చే అప్‌డేట్ ప్రోగ్రాంతో ఎక్కించండి. ఇక్కడే ఫైళ్లు తారుమారవుతాయి. పేరులో ప్యాక్డ్ అని ఉన్న బిన్ ఫైలు కంపెనీ ప్రోగ్రాంకి. ఆ మాట లేని ముడి బిన్ ఫైలు కే5ప్రోగ్‌కి, ఎస్‌డబ్ల్యూడీ తీగలతో (ప్రాసెసర్‌కే తగిలించి) నేరుగా రాసేవాళ్లకి. ముడి ఫైలు రాసేటప్పుడు సైజు 61,440 బైట్లు దాటిందేమో చూడండి. దాటితే అది బూట్‌లోడర్ స్థలంలోకి పోతుంది. కే5కి ఎక్కించడంలో నిజంగా ప్రమాదకరమైన పొరపాటు ఇదొక్కటే.

ఎక్కాక సెట్ ఆపి మామూలుగా ఆన్ చేయండి. పాత సెట్టింగులను కొత్త ఫర్మ్‌వేర్ తనకు తోచినట్టు చదువుకుంటుంది కాబట్టి మెనూ వింతగా కనిపించొచ్చు. పీటీటీ, దాని కిందనున్న సైడ్ బటన్ రెండూ నొక్కి ఆన్ చేస్తే దాచిన మెనూ అంశాలు బయటపడతాయి. అన్నీ రీసెట్ చేసి, ఛానళ్లు చిర్ప్‌తో తాజాగా వేయండి. మళ్లీ కంపెనీ ఫర్మ్‌వేర్‌కి వెళ్లినా ఇదే వరస: ఎక్కించు, రీసెట్ చేయి, ఛానళ్లు వేయి. బ్యాటరీ శాతం తప్పుగా చూపిస్తుంటే మల్టీమీటర్‌తో బ్యాటరీ ఓల్టేజీ కొలిచి, బ్యాట్‌క్యాల్ అంశంలో తెర మీది అంకె దానికి సరిపోయేదాకా జరపండి. బ్యాటరీ రకం 1600 లేదా 2200 అని సరిగ్గా పెట్టకపోతే కూడా శాతం తేడా వస్తుంది.

అదే దాచిన మెనూలో ఎఫ్-లాక్ ఉంటుంది. ఏ పరిధిలో ట్రాన్స్‌మిట్ చేయొచ్చో తేల్చేది అదే. మన దేశంలో హామ్‌లకు ఇచ్చింది 144–146, 434–438 మెగాహెర్ట్జ్. ఎఫ్-లాక్ జాబితాలో భారత్ అని ఏదీ లేదు. దగ్గరగా ఉన్నది సీఈ హామ్: 144–146, 430–440. అంటే వీహెచ్ఎఫ్‌లో (144 వైపు) సరిగ్గా మన హద్దే. యూహెచ్ఎఫ్‌లో మాత్రం 434కి కింద, 438కి పైన సెట్ ఒప్పుకున్నా మనం నొక్కకూడదు. ఎఫ్‌సీసీ హామ్ పెడితే 148 దాకా తెరుచుకుంటుంది, అది అమెరికా హద్దు. కంపెనీ ఫర్మ్‌వేర్ ఉంచుకున్నవాళ్లు తాము చట్టం లోపలే ఉన్నామని నిశ్చింతగా ఉండొద్దు. అది 136 నుంచి 174 దాకా అడ్డూ ఆపూ లేకుండా ట్రాన్స్‌మిట్ చేస్తుంది. ఈ ఒక్క విషయంలో సీఈ హామ్ పెట్టిన కమ్యూనిటీ ఫర్మ్‌వేరే నయం, చెయ్యి జారినా వీహెచ్ఎఫ్‌లో హద్దు దాటనివ్వదు.

మన చోటు ఎలాంటిదో కూడా చూసుకోవాలి. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి, అటు గడ్చిరోలి, సిరోంచ వైపు చేతిలో వైర్‌లెస్ సెట్‌తో కనిపిస్తే పోలీసులు ఆపి అడుగుతారు, అడగాలి కూడా. లైసెన్సు కాపీ సంచిలోనే ఉండాలి. స్పెక్ట్రమ్ ఉంది కదా అని పోలీసు, భద్రతా దళాల ఛానళ్లు వెతకడం హామ్ లైసెన్సు ఇచ్చే హక్కు కాదు. అన్నీ తెరిచేసే అన్‌లాక్ ఆల్ పెట్టిన సెట్‌ని ఇక్కడ జనం మధ్యకు తీసుకెళ్లడం కొరివితో తల గోక్కోవడమే.

ఎక్కించిన రెండు సెట్లను వాడకంలోకి తేకముందు కొలవండి. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టి పవర్‌ను లోపలే ఖర్చు చేసేది), వాట్ మీటరు పెట్టి 145, 436 రెండు చోట్లా పవర్ చూడండి. కంపెనీ ఫర్మ్‌వేర్‌తో ఉన్న సెట్‌తో పోల్చండి. హార్మోనిక్స్ చూడటానికి టైనీఎస్ఏ అనే చిన్న స్పెక్ట్రమ్ అనలైజర్ చాలు. కానీ సెట్ నుంచి నేరుగా దానికి తీగ పెట్టొద్దు, ఒక్క నొక్కుతో పోతుంది. 5 వాట్లు అంటే 37 డీబీఎం. మధ్యలో 40 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) పెడితే మైనస్ 3 అవుతుంది. ఆ అటెన్యుయేటర్ 5 వాట్లు తట్టుకునేదై ఉండాలి. మొదటి మోడల్ టైనీఎస్ఏ లో ఇన్‌పుట్ 350 మెగాహెర్ట్జ్ దాకా చూపిస్తుంది కాబట్టి 145కి రెండో హార్మోనిక్ 290 కనిపిస్తుంది. 290 దగ్గర ఏదో కనిపించగానే సెట్‌ని తప్పు పట్టొద్దు. ఇంకో 10 డీబీ అటెన్యుయేటర్ చేర్చి చూడండి. అసలు సిగ్నల్, హార్మోనిక్ రెండూ పదేసి డీబీ తగ్గితే అది నిజంగా సెట్ నుంచి వస్తున్నదే. హార్మోనిక్ పదికంటే బాగా ఎక్కువ పడిపోతే అది టైనీఎస్ఏ తనలో తాను పుట్టించుకున్నది.

డీఎంఆర్ సెట్ల గురించి తక్కువే చెప్తాను. ఎండీ-యూవీ380కి ఓపెన్‌జీడీ77 ఎక్కుతుంది, బాగుంటుంది, హామ్‌ల కోసమే రాసింది. పేరులో ఓపెన్ ఉన్నా ఒక ముక్క మూసే ఉంది. డీఎంఆర్ మాటను అంకెలుగా మార్చే ఏఎంబీఈ కోడెక్ డీవీఎస్ఐ అనే కంపెనీ సొత్తు. దాన్ని ఎవరూ పంచకూడదు కాబట్టి, ఎక్కించేటప్పుడు కంపెనీ అసలు ఫర్మ్‌వేర్ ఫైలును మనమే చూపిస్తే కోడెక్‌ను అందులోంచి తీసుకుంటుంది. ఆ ఫైలు లేకుండా మొదలుపెట్టి మధ్యలో ఆగిపోకండి. కంపెనీ ప్రోగ్రాంతో చేసిన కోడ్‌ప్లగ్ (ఛానళ్లు, సెట్టింగుల ఫైలు) ఇందులో పనిచేయదు, మొత్తం కొత్తగా రాసుకోవాలి. మీకు ఉన్నవి రెండే సెట్లు. వాటి కోడ్‌ప్లగ్ ఇప్పటికే కుదిరి ఉంది. తుఫానుల ముందు రెండింటినీ విప్పి కూర్చోవడం దండగ, డిసెంబరు దాటాక ఒకదాంతో మొదలుపెట్టండి. కంపెనీ ఫర్మ్‌వేర్లో ఉండే ప్రైవసీ, ఎన్‌క్రిప్షన్ అంశాలు మాత్రం ఇప్పుడే ఆపేయండి. హామ్ బ్యాండ్లలో అర్థం దాచి మాట్లాడకూడదు. ఓపెన్‌జీడీ77లో ఆ అంశమే లేదు.

పూర్తిగా ఓపెన్ కావాలంటే ఎం17 అనే డిజిటల్ పద్ధతి ఉంది. కోడెక్2 అనే స్వేచ్ఛా కోడెక్ మీద నడుస్తుంది, ఓపెన్‌ఆర్‌టీఎక్స్ ఫర్మ్‌వేర్ దాన్ని ఇస్తుంది. ఎండీ-యూవీ380లో దానికి బోర్డు మీద టంకం పని కూడా చేయాలి. అవతల మాట్లాడేవాళ్లు ఉంటేనే అంత శ్రమ.

ముందుముందు హాట్‌స్పాట్ (డిజిటల్ సెట్‌ని ఇంటర్నెట్‌తో కలిపే చిన్న పెట్టె) కొనాలనుకుంటే ఒక్క మాట. అందులోని ఎంఎండీవీఎం బోర్డు ఫర్మ్‌వేర్ ఎంచుకునేముందు దాని మీదున్న చిన్న లోహపు డబ్బా లాంటి ఆసిలేటర్ మీద 12.288 ఉందా, 14.7456 ఉందా చూడండి. ఒకదాని ఫర్మ్‌వేర్ ఇంకోదానిలో వేస్తే ఎక్కుతుంది, లైట్లు వెలుగుతాయి, ఒక్క మాట కూడా అందదు.

మైక్రోబిట్‌ఎక్స్ హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ రూపొందించింది. సర్క్యూట్, కోడ్ రెండూ మొదటి నుంచీ బయటే ఉన్నాయి. కాబట్టి కంపెనీదా, కమ్యూనిటీదా అనే తేడా ఇక్కడ పలచన. కేడీ8సీఈసీ ఫర్మ్‌వేర్ వేస్తే మెనూలు, కీయర్ (మోర్స్ పంపేది), మెమరీలు మెరుగవుతాయి. బోర్డు మీద ముద్రించిన వెర్షన్ తప్పనిసరిగా చూడండి. వీ5లో ఫిల్టర్ల రిలేలు కలిపే తీరు మార్చారు. వీ4 కోసం రాసింది వీ5లో వేస్తే సెట్ ఆన్ అవుతుంది, రిసీవ్ చేస్తుంది, ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు తప్పు ఫిల్టర్ ఎంచుకుంటుంది.

దీని క్యాలిబ్రేషన్ ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డులోని ఈఈప్రామ్‌లో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ సరిచేసే మాస్టర్ విలువ ఒకటి, గొంతు సహజంగా వినిపించేలా చేసే బీఎఫ్ఓ విలువ ఇంకోటి. మెమరీ మేనేజర్ ప్రోగ్రాంతో చదివి ఆ రెండు అంకెలు సెట్ మూత లోపలి వైపు రాసి అంటించండి. యూఎస్‌బీ కేబుల్‌తో స్కెచ్ (ఆర్డుయినో ప్రోగ్రామ్) ఎక్కిస్తే ఈఈప్రామ్ చెరగదు. చిప్‌కి నేరుగా రాసే ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌తో చిప్ మొత్తం చెరిపి రాస్తే, ఈఈప్రామ్‌ను కాపాడే ఈసేవ్ ఫ్యూజు (చిప్‌లోని సెట్టింగు) పెట్టి ఉండకపోతే అదీ పోతుంది. అప్పుడు సెట్ పనిచేస్తుంది గానీ అందరి గొంతూ బాతు కూతలా వినిపిస్తుంది. అప్‌లోడ్ దగ్గర సింక్ కుదరలేదని ఆగిపోతుంటే ఆర్డుయినో ప్రోగ్రాంలో ప్రాసెసర్ కింద పాత బూట్‌లోడర్ ఎంచుకోండి. చాలా నానో నకళ్లు 57,600 వేగం మీదే ఎక్కించుకుంటాయి, 115,200 మీద జవాబివ్వవు. నానో సాకెట్లో ఉంటే ఇంకా తేలిక: పాతదాన్ని తీసి భద్రంగా దాచి, కొత్త ఫర్మ్‌వేర్ కొత్త నానోలో వేయండి. కొత్తది ఖాళీ ఈఈప్రామ్‌తో వస్తుంది కాబట్టి ఆ రెండు అంకెలు అందులో చేత్తో వేయాలి.

తుఫాను సంచిలోకి వెళ్లే సెట్ల విషయంలో నా పట్టుదల ఒక్కటే: అన్నింటిలో ఒకే ఫర్మ్‌వేర్, ఒకే వెర్షన్, ఒకే ఛానల్ వరస. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. మూడూ అక్టోబరే. సెప్టెంబరు మొదటి వారం దాటాక ఏ సెట్‌కీ కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించొద్దు, ఎంత బాగుందని చెప్పినా సరే. చీకట్లో, వానలో సెట్ పట్టుకునేది దాన్ని సెటప్ చేసినవాళ్లు కాకపోవచ్చు. ఆ మనిషికి ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో ఊహించుకునే పని ఉండకూడదు. నాలుగు కే5లను కంపెనీ ఫర్మ్‌వేర్‌తో ఉంచమన్నది అందుకే. అది గొప్పదని కాదు, అందులో మెనూ చిన్నది, దాని లోపాలు అందరికీ అలవాటే. కమ్యూనిటీది వేసిన రెండూ ఆ సంచిలోకి వెళ్లకుండా తెలిసినవాళ్ల చేతిలో ఉండి, యాంటెన్నా ఎక్కడ పెట్టాలో వెతకడానికి పనికొస్తాయి. ప్రతి సెట్ వెనకా చిన్న కాగితం అంటించండి: సెట్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఎక్కించిన తేదీ, పిలిచే ఛానల్. తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తే ఎవరి చేతికి వెళ్లినా ఇబ్బంది ఉండదు. మీద సెల్లోటేపు వేయండి, లేకపోతే మొదటి వానకే సిరా కారిపోతుంది. కంపెనీ ఫర్మ్‌వేర్ ఫైలు, కమ్యూనిటీ ఫైలు, ఆరు క్యాలిబ్రేషన్ ఫైళ్లు, కేబుల్ డ్రైవర్ అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి కేబుల్‌తో పాటే ఉంచండి. నెట్ లేని రోజున అవి కావాలి.

వారంటీ గురించి కూడా అడిగారు. ఈ ధర సెట్లకు బాగుచేసే ఖర్చు కొత్త సెట్ ధరకు దగ్గరగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకుని నిర్ణయించుకునేంత విషయం కాదు. డీఎంఆర్ సెట్లకు మాత్రం వారంటీ ఇంకా మిగిలి ఉంటే అది పూర్తయ్యేదాకా ఆగడం మంచిదే.

ఎక్కించాక కే5 లేవకపోతే ఈ వరసలో చూడండి. బ్యాటరీ తీసి పది సెకన్లు ఆగి పెట్టి, పీటీటీ నొక్కి ఆన్ చేయండి. టార్చి వెలిగితే బూట్‌లోడర్ బతికే ఉంది, ఫైలు మార్చి మళ్లీ ఎక్కించండి. మొదట కంపెనీ ఫైలు వేయండి. అది లేస్తే తప్పు మీరు దించిన ఫైలుదే. టార్చి వెలుగుతోంది గానీ ప్రోగ్రాం సెట్‌ని గుర్తించడం లేదంటే కేబుల్ అనుమానించండి, ఇంకో సెట్‌కి అదే కేబుల్ పెట్టి చూడండి. సెట్ లేచింది గానీ పవర్, స్క్వెల్చ్ తేడాగా ఉన్నాయంటే ఫర్మ్‌వేర్ మళ్లీ మళ్లీ ఎక్కించి లాభం లేదు, ఆ సెట్ నంబరున్న క్యాలిబ్రేషన్ ఫైలు వెనక్కి వేయండి. టార్చి కూడా వెలగకపోతే ముందు బ్యాటరీ ఓల్టేజీ కొలవండి, 7 ఓల్టుల కింద ఉంటే చార్జ్ చేసి మళ్లీ చూడండి. బ్యాటరీ బాగానే ఉండి అప్పటికీ చీకటే అయితే బూట్‌లోడర్ పోయినట్టు. సెట్ విప్పి బోర్డు మీది ఎస్‌డబ్ల్యూడీ ప్యాడ్లకు మూడు సన్నని తీగలు టంకం చేసి, ఎస్‌టీ-లింక్ పరికరంతో ఓపెన్‌ఓసీడీ ప్రోగ్రాం ద్వారా బూట్‌లోడర్‌తో సహా రాయాలి. ఆ ప్యాడ్లు చాలా చిన్నవి. సన్నమొన టంకం కడ్డీ, భూతద్దం లేకుండా ప్రయత్నిస్తే ప్యాడే ఊడొస్తుంది. మీ దగ్గర ఆ సామాను లేకపోతే బరంపురంలో మొబైల్ బోర్డులు బాగుచేసే వాళ్లతో తీగలు మాత్రం టంకం పెట్టించుకోండి, రాయడం మీరే చేసుకోవచ్చు.